అడక్కుండా తుమ్మని అనుమతమ్మ

మా అనుమతమ్మ అనుమతి లేకుండా తుమ్మనైనా తుమ్మదు. మీకు నవ్వు రావచ్చు. నాకు రాలేదు, ఎందుకంటే ఆ అనుమతి ఇవ్వాల్సిన మనిషిని నేనే.

ఆవిడ అసలు పేరు వేరే ఉంది. మఠంలో చేరినప్పుడు ఎవరో పునీతురాలి పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి ఎవర్నా అని చూస్తుంది. వంట సిస్టర్ ఓ రోజు విసుగొచ్చి అనుమతమ్మ అంది, అదే ఖాయమైపోయింది. దాని గురించి కూడా నా దగ్గరికొచ్చింది. "మదర్, వాళ్ళు నన్ను అలా పిలుస్తున్నారు. పలకొచ్చా?" అంది. పలకమన్నాను. అప్పట్నుంచీ పలుకుతోంది.

మాది సిస్టర్ల మఠం. పెద్దాసుపత్రి ముందు రోడ్డు దాటితే వచ్చే పాత మేడ. రోగులకి తోడొచ్చిన ఆడవాళ్ళు ఆసుపత్రి వరండాల్లో పడుకోలేక మా దగ్గరికొస్తారు. కింద హాల్లో వాళ్ళకి మంచాలు వేశాం. రోగి ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళే మంచం. రోగి బయటికి నడిచొచ్చినా, నలుగురూ మోసుకొచ్చినా, తోడొచ్చినావిడ మంచం ఖాళీ చెయ్యాల్సిందే. ఆ రూలు నేను పెట్టింది కాదు, పెద్దింటి వాళ్ళు పెట్టారు. పెద్దిల్లంటే మా మఠాలన్నిటి మీదా అజమాయిషీ చేసే ఇల్లు. అక్కడ పెద్ద మదర్ ఉంటారు. ఇక్కడ మామూలు మదర్‌గా నన్ను కూర్చోబెట్టారు.

మదరంటే ఏదో పెద్ద హోదా అనుకునేరు. పొద్దున లేస్తే పంపులో నీళ్ళు రావట్లేదని ఒకరు, పక్క మంచం ఆవిడ గురకతో కునుకు లేదని ఒకరు, నా సబ్బు ఎవరో వాడేశారని ఒకరు. ఈ కుర్చీలో కూర్చోమన్నారు కాబట్టి కూర్చున్నాను. విధేయతగా ఉంటానని ప్రమాణం చేసినదాన్ని, వద్దనడానికి లేదు. కూర్చుని కూర్చుని నా కాళ్ళు వాచిపోయాయి. మేడ మెట్లు ఎక్కడం మానేశాను. దేవుణ్ణి అడగడానికి నాకొక్క కోరికే మిగిలింది. నన్నెవరూ ఏదీ అడగని గది ఒకటి కావాలి. అలాంటి గదులు లేకపోలేదు. సముద్రం ఒడ్డున మా సిస్టర్లకి విశ్రాంతి ఇల్లుంది. అక్కడికి పంపించండని పెద్ద మదర్ కనపడినప్పుడల్లా మొత్తుకునేదాన్ని. చూద్దాం అనేవారు. చూస్తూనే ఉన్నారు.

మా మఠంలో ఒక పద్ధతుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మదర్ తన గది తలుపు తీసి ఉంచాలి. ఎవరికేం కావాలన్నా ఆ కాసేపట్లో వచ్చి అడగాలి. సరే అంటే ఆ పూటకి సరే, వద్దంటే ఆ పూటకి వద్దు. మర్నాడు మళ్ళీ అడగొచ్చు. ఈ మళ్ళీ అడిగే వెసులుబాటు పెట్టిన మహాతల్లి ఎవరో గానీ, ఆవిడ కాలంలో అనుమతమ్మ లాంటి మనిషి పుట్టి ఉండదు. మిగతా సిస్టర్లు నెలకోసారి వస్తారేమో. అనుమతమ్మ రోజూ వస్తుంది. అదీ సరిగ్గా నేను బేసిన్లో వేణ్ణీళ్ళు పోసుకుని, కాళ్ళు అందులో పెట్టుకుని, ప్రాణం కాస్త కుదుటపడి, కళ్ళు మూతలు పడే వేళకి వస్తుంది.

మనిషి పొడుగ్గా, పుల్లలా ఉంటుంది. కళ్ళజోడు ఎప్పుడూ ముక్కు చివరికి జారి ఉంటుంది. పైకి తోసుకోవడానికి అనుమతి అడగదు, అదొక్కటే అదృష్టం. పాలు పొంగినా పాలు విరిగినా ఆ ముఖంలో మార్పుండదు.

తుమ్ము సంగతి చెప్పాను కదా. పొద్దుటి ప్రార్థనలో అందరం కళ్ళు మూసుకుని ఉన్నాం. ఎవరో నా అంగీ చెయ్యి లాగారు.

"మదర్."

"ప్రార్థనలో మాట్లాడకూడదు."

"మాట్లాడనండి. తుమ్మొచ్చా?"

కన్ను తెరిచి చూద్దును కదా, ముక్కు పట్టుకుని ఎర్రగా కందిపోయి ఉంది. ఎంతసేపట్నుంచి బిగబట్టుకుందో ఏమో. తలూపాను. ఆ తుమ్ముకి ముందు వరసలో కొవ్వొత్తులు ఆరిపోయాయి. మళ్ళీ అంగీ చెయ్యి లాగింది. "వెలిగించొచ్చా మదర్?"

ఇంకోసారి నా గదికి వచ్చి, "మదర్, మీ చెంప మీద దోమ వాలింది. కొట్టొచ్చా?" అంది. నేను ఆలోచించుకుని "కొట్టు" అనేసరికి దోమ తన పని చూసుకుని వెళ్ళిపోయింది. చెంప మాత్రం అక్కడే ఉంది. చెప్పిన పని చెయ్యకుండా వదిలే మనిషి కాదు కదా, కొట్టింది. ఆ మధ్యాహ్నమంతా వంట సిస్టర్ నా ముఖం చూసినప్పుడల్లా పమిటలాంటి ముసుగు అంచు నోట్లో కుక్కుకుంది.

మాట్లాడొద్దని చెప్పిన సంగతి మరీ ఘోరం. ఒక రోజు తల పగిలిపోతుంటే, "తల్లీ, మళ్ళీ నేను చెప్పేదాకా నోరు విప్పకు" అన్నాను. అని, ఆ విషయం మర్చిపోయి, పెద్దింట్లో మీటింగుందని వెళ్ళిపోయాను. నేను తిరిగొచ్చేసరికి గేటు దగ్గర పంపులు బాగుచేసే అతను నిలబడి జాలిగా నిట్టూర్చాడు.

"పాపం, ఆ పొడుగు సిస్టర్‌కి ఎప్పట్నుంచండీ ఇలా?" అన్నాడు.

"ఎలా?"

"మాట పడిపోయింది కదండీ. చేతులూపి చూపించారు. నాకు అర్థమైనంతలో బాగుచేశాను."

అతనికి అర్థమైనంతలో మంచి పంపు విప్పేసి, కారే పంపు అలాగే వదిలేశాడు. మెట్ల దాకా నీళ్ళు. అనుమతమ్మ గుడ్డ పట్టుకుని తుడుస్తూ నన్ను చూసి చేతులు జోడించింది. "ఇక మాట్లాడు తల్లీ" అన్నాను. ఊపిరి పీల్చుకుని, "మదర్, పంపు గురించి చెప్పొచ్చా?" అంది.

ఇలాంటి మనిషితో వంట సిస్టర్‌కి ఎలా పడుతుంది? వంట సిస్టర్ ఎవర్నీ ఏదీ అడగదు. చేసేశాక చెబుతుంది, బుద్ధి పుడితే. విధేయత గురించి ఎవరైనా మాట్లాడితే, "దేవుడు తలకాయ ఇచ్చింది ముసుగు తగిలించుకోవడానికేనా?" అంటుంది. ఒక రోజు ఆరేసిన తెల్ల దుప్పట్ల కిందే పొయ్యి రాజేసింది. దుప్పట్లన్నీ పొగచూరిపోయాయి. బట్టలు ఉతికే పనీ మంచాల పనీ అనుమతమ్మవి. ఆ మధ్యాహ్నం నా దగ్గరికొచ్చి చేతులు కట్టుకుని నిలబడింది.

"మదర్, వంట సిస్టర్ మీద కోపం తెచ్చుకోవచ్చా?"

నేను కళ్ళు తెరవలేదు. "ఎంతసేపు?"

"సాయంత్రం ప్రార్థన గంట కొట్టేదాకా."

"సరే."

వెళ్ళి కోపం తెచ్చుకుంది. అలాంటిలాంటి కోపం కాదు, గిన్నెలు అదిరిపోయాయట. వంట సిస్టర్ బిత్తరపోయి వంటింటి తలుపేసుకుందట. గంట కొట్టగానే అనుమతమ్మ తలుపు తట్టి, "అయిపోయింది సిస్టర్, ఉల్లిపాయలు తరగనా?" అంది. వంట సిస్టర్‌కి మాత్రం వారం దాకా కోపం తగ్గలేదు. ఆవిడ అనుమతి తీసుకోలేదు కదా, గడువు లేదు.

పోయిన వానాకాలంలో ఒక పెద్దావిడ చెల్లెల్ని ఆసుపత్రిలో చేర్పించి మా దగ్గర మంచం తీసుకుంది. దర్జీ పని చేసి చేసి వీపు వంగిపోయిన మనిషి. వెంట ఒక సంచి, ఒక బిస్కెట్ల డబ్బా. డబ్బాలో బిస్కెట్లు లేవు, గుండీలున్నాయి. మంచం మీద కూర్చుని కనపడినవాళ్ళ జాకెట్టుకల్లా ఊడిన గుండీ కుట్టిపెట్టేది. అందరూ ఆవిణ్ణి గుండీల పెద్దమ్మ అనేవారు. చెల్లెలు ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒక అద్దె గదిలో ఉండేవారట. ఇంటివాళ్ళు ఆ గది అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. ఆవిడకి వెళ్ళడానికి చోటు లేదు.

నాకు బాధ లేదా అంటే ఉంది. కానీ ఇలాంటివి రోజుకొకటి చూస్తాను. మంచం కోసం గేటు దగ్గర ఇంకొకావిడ మూటతో నిలబడి ఉంది. "రేపు పంపించెయ్యి" అన్నాను అనుమతమ్మతో.

ఆవిడ కదల్లేదు. కళ్ళజోడు పైకి తోసుకుంది. "మదర్, మీ మీద కోపం తెచ్చుకోవచ్చా?"

"తెచ్చుకో. వెళ్ళేటప్పుడు తలుపేసి తెచ్చుకో."

తలుపు మెల్లగానే వేసింది. అక్కడితో ఆ సంగతి నా బుర్రలోంచి పోయింది. మర్నాడు చూస్తే ఆ మంచం మీద మూటతో వచ్చినావిడ పడుకుని ఉంది. సరే, పని జరిగింది అనుకున్నాను.

అప్పట్నుంచి అనుమతమ్మ జబ్బు ముదిరింది. అంతకుముందు రోజుకి ఒకటో రెండో అడిగేది. ఇప్పుడు కాళ్ళు నీళ్ళలో పెట్టడం ఆలస్యం, గుమ్మంలో మొదలుపెట్టేది. మదర్, నీలం మగ్గు అంచు విరిగింది, పారెయ్యొచ్చా? మదర్, చీపురు తలకిందులుగా పెట్టొచ్చా? మదర్, సబ్బు ముక్కలన్నీ కలిపి ఒకటి చెయ్యొచ్చా? మదర్, కిటికీ తియ్యనా, వెయ్యనా? ఆ గొంతు కూడా ఒకే శ్రుతిలో ఉంటుంది, ఎక్కడా ఎగుడుదిగుడుండదు. నాకు జోలపాటలా పట్టేది. సరే, సరే, సరే అంటూ నిద్రలోకి జారిపోయేదాన్ని. లేచేసరికి కాళ్ళు తుడిచి ఉండేవి, కింద ఎండిన తువ్వాలు పరిచి ఉండేది.

ఆ రోజుల్లోనే మా ఇంట్లో గుండీలు పుట్టుకురావడం మొదలైంది. ముందు దిండు గలీబుకి గుండీలు వచ్చాయి. చెంప మీద గుండ్రటి అచ్చుతో ప్రార్థనకి వెళ్ళాను. తర్వాత కర్టెన్లకి వచ్చాయి. ఆ తర్వాత చేతులు తుడుచుకునే తువ్వాలు వంటింటి మేకుకి గుండీతో తగిలించి కనపడింది. బల్ల మీద గుడ్డకి నాలుగు మూలలా, నాలుగు రంగుల గుండీలు. ఎవరు కుడుతున్నారని అడగాలంటే ఓపిక కావాలి. అడిగితే జవాబు వినాలి, విన్నాక ఏదో ఒకటి చెప్పాలి. ఎందుకొచ్చిన గొడవ అని ఊరుకున్నాను.

ఇలా ఉండగా పెద్ద మదర్ వస్తున్నానని ఫోన్ చేశారు. ఈసారి ఆవిడ నోట నేను ఎన్నేళ్ళుగానో ఎదురుచూస్తున్న మాట వచ్చింది. "సముద్రం ఇంట్లో నీకు గది సిద్ధం చేయించాను. ఓసారి ఇల్లంతా చూస్తాను. అన్నీ పద్ధతి ప్రకారం ఉంటే కొత్త మదర్‌కి అప్పగించేసి నాతో వచ్చెయ్" అన్నారు. ఫోన్ పెట్టేసి నా సంచి సర్దుకున్నాను. ఆ పూట కాళ్ళు నొప్పి కూడా పుట్టలేదు.

పెద్ద మదర్ పొద్దున్నే దిగారు. నాకంటే పెద్దావిడ, నాకంటే లావు, ప్రయాణంలో నలిగిపోయి ఉన్నారు. అయినా మమ్మల్నందర్నీ ప్రార్థన గదిలో కూర్చోబెట్టి విధేయత మీద ప్రసంగం చేశారు. ఈ మధ్య సిస్టర్లు సొంత తెలివి ఎక్కువ వాడుతున్నారట. మదర్ చెప్పింది మదర్ చెప్పినట్టు తీసుకోకూడదట, దేవుడు మదర్ నోటితో చెబుతున్నాడని తీసుకోవాలట. నాకు సిగ్గేసింది. నా నోటితో దేవుడు పొద్దుట్నుంచి ఏమేం చెప్పాడో గుర్తు చేసుకుంటే, సబ్బు ఎవరు వాడారో కనుక్కోండి అన్నదొక్కటే తేలింది. వంట సిస్టర్ నా పక్కన గట్టిగా ఊపిరి వదిలింది. అనుమతమ్మ మాత్రం ఒక్కో మాటకీ తలూపుతూ వింది. పెద్ద మదర్‌కి ఆ తలూపుడు బాగా నచ్చింది. "నీ దగ్గర ఇలాంటి సిస్టర్ ఉందని చెప్పలేదేం?" అన్నారు నాతో. ఏమని చెప్పను?

తర్వాత ఇల్లు చూడటం మొదలైంది. హాలు బాగుంది. వంటిల్లు ఫరవాలేదు. "పైన?" అన్నారు. పైన ఇస్త్రీ గది, బట్టలు ఆరేసే డాబా. నా కాళ్ళకి మెట్లు పడవని చెబితే, నాకూ పడవు, పద అన్నారు. ఇద్దరం గోడ పట్టుకుని, మెట్టుకోసారి ఆగుతూ ఎక్కాం. వెనక అనుమతమ్మ వచ్చింది. "ముందు నడవొచ్చా మదర్?" అని అడిగింది. ఇరుకు మెట్లు, ముందుకెళ్ళడానికి దారేది? వద్దన్నాను.

ఇస్త్రీ గది తలుపు తీస్తే, కిటికీ కింద మడత మంచం, దాని మీద గుండీల పెద్దమ్మ. ఒళ్ళో నా ముసుగు. దానికి గుండీ కుడుతోంది.

"ఎవరీవిడ?" అన్నారు పెద్ద మదర్.

పెద్దమ్మ సూది ముసుగులోనే గుచ్చి లేచి నిలబడింది.

"మీ మనిషి ఏ వార్డులో ఉన్నారమ్మా?"

"మా చెల్లెలండీ. పోయింది. పోయిన వానాకాలంలో."

పెద్ద మదర్ నా వైపు తిరిగారు. ఎండాకాలం సగం అయిపోయింది. కిటికీలోంచి వచ్చే ఎండకి గది పెనంలా ఉంది. పెద్దమ్మ గుండీల డబ్బా మూత పెట్టి, సంచి కోసం మంచం కింద చెయ్యి పెట్టింది. ఎవరూ ఏమీ అనకముందే ఆవిడకి అర్థమైపోయింది.

"నేను మదర్ అనుమతి తీసుకున్నానండీ" అంది అనుమతమ్మ.

"ఎప్పుడు?"

"రోజూ."

పెద్ద మదర్ అక్కడున్న స్టూలు మీద కూలబడ్డారు. "రోజూ అంటే?"

"పంపించెయ్యమన్న మర్నాడు వాన పడుతోందండీ. వాన వెలిశాక పంపనా అని అడిగాను. సరే అన్నారు. వాన వెలిసింది. పెద్దమ్మ బట్టలు తడిగా ఉన్నాయి, ఆరాక పంపనా అన్నాను. సరే అన్నారు. తర్వాత పెద్దమ్మకి దగ్గొచ్చింది, తగ్గాక పంపనా అన్నాను. సరే అన్నారు. మంచం ఇంకొకరిది కదా, ఇస్త్రీ గదిలో పడుకోనివ్వనా అని ఆ వాన రోజే అడిగాను. దానికీ సరే అన్నారు. దిండు గలీబులకి గుండీలు కుట్టడం మొదలుపెట్టింది, అయ్యాక పంపనా అన్నాను. కర్టెన్లయ్యాక పంపనా అన్నాను. నిన్న పెద్దమ్మ మధ్యాహ్నం నిద్రపోతోంది, లేచాక పంపనా అన్నాను."

"లేవలేదా?"

"లేచిందండీ. అప్పటికి అడిగే వేళ దాటిపోయింది."

నీలం మగ్గుకీ చీపురుకీ మధ్య ఏదో పెద్దమ్మ మాట వినపడినట్టు నాకు లీలగా గుర్తొచ్చింది. ఆ జోలపాటలో ఈ చరణం ఉందన్నమాట.

పెద్ద మదర్ గొంతు గట్టిపడింది. "మొదటిరోజు మదర్ పంపించెయ్యమన్నారు కదా. అది ఆజ్ఞ. మళ్ళీ మళ్ళీ అడగడం విధేయత అవుతుందా?"

అనుమతమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది. "మదర్ నోటితో దేవుడు మాట్లాడతాడని పొద్దున మీరు చెప్పారు కదండీ. మేం చేరిన కొత్తలో కూడా అలాగే చెప్పారు. నేను నమ్మాను. కానీ ఆ రోజు మదర్‌కి కాళ్ళు బాగా వాచిపోయి ఉన్నాయి. పంపించెయ్యి అన్నది దేవుడో, కాళ్ళ నొప్పో నాకు తెలియలేదు. మర్నాడు వేణ్ణీళ్ళు పోశాక అడిగాను. సరే అన్నారు. అది మాత్రం దేవుడి మాటలాగే వినపడింది."

"వినపడింది కదా, అక్కడితో ఆగొచ్చుగా? రోజూ ఎందుకడగడం?"

"అనుమతి ఆ పూటకే కదండీ. పద్ధతిలో అలాగే ఉంది."

కింద వంటింట్లో వంట సిస్టర్ ఏదో గిన్నె జారవిడిచిన చప్పుడైంది. తర్వాత తెలిసింది, పెద్దమ్మకి రోజూ కంచం పైకి పంపుతున్నది ఆవిడేనట. ఎవర్నీ అడగలేదు కనక నాకూ చెప్పలేదు.

పెద్ద మదర్ నన్నడిగారు. "నువ్వు నిజంగా అనుమతిచ్చావా?"

నాకు తెలుసు ఏం చెబితే ఏమవుతుందో. నిద్రమత్తులో అన్నాను, నాకేం తెలీదు అంటే చాలు. సర్దిన సంచి కింద గదిలో సిద్ధంగా ఉంది. నేను సముద్రానికి, పెద్దమ్మ గేటు బయటికి, అనుమతమ్మ ఏ మూల మఠానికో. పెద్దమ్మ సంచి భుజానికి తగిలించుకుని నా ముసుగులోంచి దారం తెంపుతోంది. గుండీ కుట్టడం పూర్తి చేసే ఇచ్చింది.

"ఇచ్చాను" అన్నాను.

"విని ఇచ్చావా?"

"వినకుండా ఇస్తే దేవుడు ఇచ్చినట్టు. విని ఇస్తే నేను ఇచ్చినట్టు. ఎటు చూసినా ఇచ్చినట్టే కదండీ పెద్ద మదర్."

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "సరే. ఇప్పుడు నీ పై మనిషిగా నేను చెబుతున్నాను. రూలు రూలే. సాయంత్రం లోపల ఆవిణ్ణి పంపించెయ్యి" అని గోడ పట్టుకుని లేచారు.

ఏం చేస్తాను, అలాగేనన్నాను. ఇన్నేళ్ళుగా అలాగేనంటూనే బతికాను. అలాగేనని నేను చెప్పిన ప్రతిసారీ ఎవరికేం ఒరిగిందో ఎప్పుడూ ఆలోచించలేదు. దించిన తల ఎత్తకుండా ఉండటమే భక్తి అనుకున్నాను. ఆ మెట్లు దిగుతుంటే మొదటిసారి ఆ లెక్క తప్పేమో అనిపించింది. కానీ అనిపించినంత మాత్రాన పెద్దమ్మకి మంచం దొరకదు కదా.

భోజనాలయ్యాయి. పెద్ద మదర్ నా గదికి వచ్చి నా కుర్చీలో కూర్చున్నారు. బూట్లు విప్పితే కాళ్ళు నా కాళ్ళకంటే అన్యాయంగా ఉన్నాయి. అనుమతమ్మ గుమ్మంలో ప్రత్యక్షమైంది. "మదర్, మీ బేసిన్లో పెద్ద మదర్‌కి వేణ్ణీళ్ళు పొయ్యొచ్చా?" అంది. పొయ్యమన్నాను. పెద్ద మదర్ కాళ్ళు నీళ్ళలో పెట్టి, అమ్మయ్య అని ఒక నిట్టూర్పు విడిచి, తల వెనక్కి వాల్చారు. కళ్ళు మూతలు పడుతున్నాయి.

నేను వెళ్ళబోయి గుమ్మంలో ఆగాను. అనుమతమ్మ కెటిల్ పట్టుకుని గోడవారగా నిలబడి ఉంది. నా వైపు చూడట్లేదు, బేసిన్ వైపు చూస్తోంది. ఆ ముఖంలో ఎప్పట్లాగే ఏమీ లేదు. భోజనాలయ్యాయి, తలుపు తీసి ఉంది. కుర్చీలో కూర్చున్నది నా పై మనిషి. ఎన్నో ఏళ్ళ తర్వాత నేను అడిగేవైపు నిలబడ్డాను. గొంతు ఎలా పెట్టాలో నాకు బాగా తెలుసు, ఇన్నాళ్ళూ విన్నది అదే కదా.

"పెద్ద మదర్, కిటికీ రెక్క ఒకటి తియ్యనా?"

"ఊ."

"పంపు కింద బకెట్ మార్పించనా?"

"సరే."

"సబ్బు ముక్కలు కలిపి ఒకటి చేయించనా?"

"సరే."

"గుండీల పెద్దమ్మని వాన వెలిశాక పంపనా?"

"సరే."

"కిటికీ రెక్క వేసెయ్యనా?"

పెద్ద మదర్ ఒక కన్ను తెరిచారు. కిటికీలోంచి బయటికి చూశారు. ఆకాశంలో మబ్బు తునక లేదు. రోడ్డు మీద ఎండ నిప్పులు చెరుగుతోంది. వాన పడాలంటేనే ఇంకా ఎన్నాళ్ళో, పడ్డాక కదా వెలిసేది. ఆవిడ ఆ కన్ను నా మీదికి తిప్పారు, తర్వాత అనుమతమ్మ మీదికి, తర్వాత వేణ్ణీళ్ళలో తన కాళ్ళ మీదికి.

"వాన పడుతోందా?" అన్నారు.

"ఇంకా లేదండీ" అన్నాను.

"వెలిశాకే పంపు. సరే అన్నానుగా" అని కన్ను మూసేశారు. ఇక నిద్రపోయారనుకున్నాను. నేను మెల్లగా వెనక్కి అడుగేస్తుంటే, కళ్ళు మూసుకునే అన్నారు. "ఆ లెక్కన నీ సముద్రం గది కూడా వాన వెలిశాకే. ఈ అనుమతులన్నీ ఇచ్చుకోవడానికి ఇక్కడ ఎవరో ఒకరుండాలిగా."

అలా నా సముద్రం పోయింది. సంచి విప్పేసి బట్టలు మళ్ళీ అలమారాలో పెట్టుకోవాలి. ఈ కుర్చీ, ఈ బేసిన్, ఈ సబ్బు తగాదాలు మళ్ళీ నావే. వసారాలోకి వచ్చి గోడకి ఆనుకున్నాను. పైన డాబా మీద పెద్దమ్మ ఎండిన దుప్పట్లు దులుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆవిడకి ఎవరూ ఇంకా ఏమీ చెప్పలేదు. సంచి భుజానికి తగిలించుకునే దులుపుతోందేమో.

వెనక అనుమతమ్మ వచ్చింది. కెటిల్ కింద పెట్టింది. చేతులు కట్టుకుంది.

"మదర్, పెద్దమ్మకి చెప్పి రావొచ్చా?"

"పరిగెత్తు."

రెండడుగులు వేసి ఆగింది. కళ్ళజోడు పైకి తోసుకుంది. "మదర్, నవ్వుకోవచ్చా?"

"ఎంతసేపు?"

"సాయంత్రం ప్రార్థన గంట కొట్టేదాకా."

"సరే" అన్నాను. ఈసారి విని అన్నాను.

ఆవిడ మెట్లెక్కుతూ నవ్వడం మొదలుపెట్టింది. పొడుగు మనిషి, నవ్వు కూడా పొడుగ్గానే ఉంది. నాకూ నవ్వొచ్చింది. గదిలో పెద్ద మదర్ గురక పెడుతున్నారు, అడగడానికి ఎవరూ లేరు. అడక్కుండానే నవ్వేశాను.